బొబోరెకి ఒక కత్తి

ఏప్రిల్ 3, శనివారం, 1971

ఈరోజు పనులు: నెల రొట్టె కాల్చాం, నేనూ మా ఆడపడుచు మల్లేనా, తెల్లారకముందు మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా. పల్చటి రొట్టెలు రెండు పెద్ద బుట్టలు నిండాయి. కంబళ్ళు ఉతికి ఆరేశాను. కోళ్ళ గూడు శుభ్రం చేశాను. మా ఆయన బొబోరె కోటు చిరుగు కుట్టాను. జున్ను గది కడిగాను. గదిలో జున్ను లేదు. శనివారం కడిగే గది కాబట్టి కడిగాను.

భోజనం వేళకి మల్లేనా మొగుడు బాచీజు వచ్చాడు. భార్యని తీసుకెళ్ళడానికి వచ్చానన్నాడు. వచ్చినవాణ్ణి కూర్చోబెట్టకుండా పంపలేను కదా. పైగా మా అమ్మాయి అన్నీకాకి జ్ఞానస్నానం రోజున చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి. బల్ల దగ్గర కూర్చుని జేబులోంచి మడతకత్తి తీసి టక్కున తెరిచాడు. ఎండు మాంసం ముక్కలు కోసుకుంటున్నాడు. బొబోరె పళ్ళెం పక్కన నేను వంటింటి కత్తి పెట్టాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు. మా కొండల్లో మగవాడు తన జేబులోంచి తీసిన కత్తితోనే తింటాడు. వంటింటి కత్తితో తినేది పిల్లలూ రోగులూ. ఆయన రొట్టె చేత్తో విరుచుకుంటూ మాంసం వైపు చూడకుండా కూర్చున్నాడు.

"ఇదిగో బావా, నాది తీసుకో," అని బాచీజు పిడి ఇటు తిప్పి చాచాడు. "కత్తి పోతే పోయింది. కత్తి ఉన్న బావమరిది పోలేదుగా!"

మల్లేనా నవ్వింది. బొబోరె కత్తి తీసుకున్నాడు. మాంసం కోసుకున్నాడు. ప్యాంటుకి తుడిచి తిరిగి ఇచ్చాడు.

నేను పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఇది మాత్రం రాసిపెట్టుకోవాలి. ఆయన తీసుకున్నాడు.

ఏప్రిల్ 5, సోమవారం

చాకిరేవు, తోట తవ్వకం, ఉల్లి నారు.

నిద్ర పట్టడం లేదు. ఒకసారి వరసగా రాస్తే తేలికవుతుందేమో చూస్తాను.

ఫిబ్రవరి చివర్లో దొడ్డి దగ్గర దొంగలు ఆయన తలకి గోనెసంచి తొడిగి సింధూర చెట్టుకి కట్టేశారు. మంద మొత్తం తోలుకుపోయారు. జేబులో కత్తి కూడా తీసుకున్నారు. అది వాళ్ళ నాన్నది. మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన అలాగే చెట్టుకి ఉన్నాడు. ఎవరని అడిగాను. "తెలీదు. గొంతు వినలేదు," అన్నాడు. మళ్ళీ అడిగాను. అదే మాట, అదే వరసలో. పోలీసు ఠాణా ఉంది. కాని ఆ గుమ్మం ఎక్కినవాడి పలకరింపుకి ఊళ్ళో ఆ తర్వాత ఎవరూ బదులివ్వరు.

మార్చిలో ఊరి కాపరులంతా వచ్చారు. మంద పోయినవాడికి ఒక్కో ఇంటివారు ఒక్కో గొర్రె ఇవ్వాలి, మా తాతల నాటి నుంచీ అంతే. రేపు వాళ్ళది పోతే మనం ఇవ్వాలి. అందరూ ఒకటి తెచ్చారు. బాచీజు మూడు తెచ్చాడు. బొబోరెని కౌగిలించుకుని ఏడ్చాడు కూడా. మూడు తెచ్చాడని ఊరంతా మెచ్చుకుంది.

ఆ మూడింట్లో ఒకటి గుంపులోంచి బయటికి వచ్చి నేరుగా నా దగ్గరికి నడిచి, నా ముందుగుడ్డ జేబులో మూతి పెట్టింది.

నల్లమూతిది. తల్లి చస్తే రెండు చలికాలాల కింద నా వంటింట్లో సీసా పాలు పట్టి పెంచిన పిల్ల. ఎండు రొట్టె ముక్కలు ఆ జేబులోనే ఉంచేదాన్ని. ఆ ఏడాది చలికాలం బాచీజు మైదానాల్లో మేపుకి పోయి ఉన్నాడు. నా వంటింట్లో గొర్రె పెరిగిందని వాడికి తెలియదు.

మా ఇంటి గుర్తు ఎడమ చెవి కొసన చిన్న గాటు. వాళ్ళ గుర్తు ఎడమ చెవి కొస అడ్డంగా కోసెయ్యడం. చెవి గుర్తుని పెంచగలరు గాని తగ్గించలేరు. కొస కోసేస్తే గాటు కూడా దాంతో పోతుంది. వాడి మిగతా రెండు గొర్రెల చెవుల అంచున వెంట్రుకలు మొలిచి ఉన్నాయి. నల్లమూతిదానికి పొక్కు ఇంకా ఊడలేదు.

మూడు ఇవ్వాలి, పేరు రావాలి. తనవి మాత్రం రెండే పోవాలి. దొంగతనం కంటే ఆ పిసినారితనం ఎక్కువ మండిస్తోంది నన్ను.

బొబోరెకి చెప్పాను. "నల్లమూతి గొర్రెలు లోకంలో చాలా ఉంటాయి," అన్నాడు.

"చెవి చూడు."

"నేను చూడను."

కాదు అనలేదు. చూడను అన్నాడు.

రాశాను. తేలిక కాలేదు.

ఏప్రిల్ 11, పునరుత్థాన పండగ

గుడికి వెళ్ళొచ్చాం. బాచీజు ఇంటినుంచి గొర్రెపిల్ల మాంసం వచ్చింది. కోళ్ళకి వేశాను. బాగా తిన్నాయి.

ఏప్రిల్ 14, బుధవారం

ఇస్త్రీ. ఆలివ్ నూనె జాడీ మార్చాను. మేడ మెట్లు కడిగాను.

బొబోరెకి కత్తి కొనాలి. అంతే విషయం. కత్తి ఉంటే మనిషి మళ్ళీ నిటారుగా కూర్చుంటాడు.

ఆయన పడుకున్నప్పుడు దారంతో అరచెయ్యి వెడల్పు కొలిచాను. నాలుగు వేళ్ళకి ఒక ముడి, బొటనవేలితో కలిపి ఇంకో ముడి వేశాను. ఎలాంటిది కావాలో ఆలోచించి రాసుకున్నాను. పెద్దదిగా ఉండాలి. జేబులో కూర్చోవాలి, కూర్చున్నా బరువు తెలుస్తూ ఉండాలి. పిడి పొట్టేలు కొమ్ముది, అతుకు లేనిది. అలుగు వీపు మందంగా ఉండాలి, అదిమితే వంగకూడదు. మడత ఎప్పటికీ వదులు కాకూడదు. రోజూ దగ్గర ఉంచుకునేది కాబట్టి అన్ని పనులకీ పనికిరావాలి.

అన్ని పనులకీ.

ఏప్రిల్ 20, మంగళవారం

పొద్దున బస్సుకి కత్తుల ఊరు పట్టాద వెళ్ళాను. చెల్లెలి దగ్గరికని చెప్పాను. మధ్యాహ్నానికి గంజి కాచి మూత పెట్టి వెళ్ళాను.

లరెంతు కొలిమి గుడి వెనక సందులో ఉంది. ముసలాడు. చెవులు సరిగా వినపడవు, అందుకని అందరూ వినేలా మాట్లాడతాడు. గొర్రెతోలు పరిచి దాని మీద కత్తులు పేర్చాడు. చిన్నవి ముందు పెట్టాడు.

"ఆడవాళ్ళు ఇవి తీసుకుంటారమ్మా. పుట్టగొడుగులకి, పూలకి."

"నాకు పూలు లేవు బాబాయ్. పెద్దవి చూపించు."

"ఎవరికి?"

"మా ఆయనకి."

నా దారం తీసి చూపించాను. ముసలాడు ఆ ముడులు చూసి పగలబడి నవ్వాడు. "నలభై ఏళ్ళుగా కత్తులు చేస్తున్నాను. మొగుడి చేతికి కొలత తెచ్చినదాన్ని చూళ్ళేదు. శవపేటికకి తెచ్చినవాళ్ళని చూశాను!"

మూడు పెద్దవి తీశాడు. మొదటిది గుండ్రటి కొసది, పొడుచుకోదు, తోలు వలవడానికి మంచిది. రెండోది వెడల్పుది, పిడి గేదె కొమ్ముది, నల్లగా నిగనిగలాడుతోంది. పట్టుకుంటే జారింది. పక్కన పెట్టాను. మూడోది సన్నగా, పొడుగ్గా, కొస దగ్గర ఆకులా సన్నబడింది. పిడి పసుపు కలిసిన తెలుపు, పొట్టేలు కొమ్ము ఒకే ముక్క. మెడ దగ్గర ఇత్తడి తొడుగు. మూసి పట్టుకుంటే నా అరచెయ్యి దాటి బయటికొచ్చింది. తెరిస్తే మడత బిగువుగా తిరిగింది, చివర్న ఒక్కసారి ఆగినట్టయి కూర్చుంది. వెలుతురుకి ఎత్తి అలుగు వెనక నుంచి చూశాను. ఎక్కడా వంకర లేదు. గోరుతో వీపు మీద కొట్టాను. బొటనవేలు ఇత్తడి మీద పెట్టి ముందుకి అదిమాను. బల్ల చెక్కలో దిగింది. వంగలేదు.

"బల్ల నాది," అన్నాడు లరెంతు.

"డబ్బులిస్తాను."

"బల్లకా, కత్తికా?" నా వైపు కాసేపు చూశాడు. "గుండ్రటి కొసది తీసుకో అమ్మా. రొట్టె, జున్ను, తాడు, తోలు, అన్నీ అవుతాయి. కాపరికి కొసతో పనేంటి?"

"కొస ఉన్నదే కావాలి."

"ఒక మాటడుగుతా, కోప్పడకు. ఆ దారం ముడులు పిడి మీద పెట్టి చూశావా?"

పెట్టలేదు. తీసుకున్నప్పటి నుంచీ నా చేతిలోనే తిప్పుతున్నాను. పెట్టి చూపించాను. సరిపోలేదు, కాస్త సన్నం.

"ఆయనకి అలవాటవుతుంది," అన్నాను.

"అవును. చేతులు అలవాటు పడతాయి." కత్తిని నూనెగుడ్డతో తుడిచి మూశాడు. "కొన్నది కాబట్టి నీకూ నాకూ మధ్య ఏమీ లేదు. ఆయనకి ఇచ్చేటప్పుడు మాత్రం చేతిలో ఒక నాణెం పెట్టించుకో. మర్చిపోకు."

ఎవరు మర్చిపోతారు? కత్తి ఊరికే ఇచ్చినా, ఊరికే పుచ్చుకున్నా ఇద్దరి మధ్య బంధం తెగుతుంది. ఒక నాణెం చేతులు మారితే అది అమ్మకం, తెగదు. ఈ మాట మా దగ్గర పాలు మాననివాడికి కూడా తెలుసు.

బస్సులో దారంతా జేబులో పట్టుకుని కూర్చున్నాను. ఇంటికొచ్చేసరికి పిడి వెచ్చగా ఉంది.

ఏప్రిల్ 21, బుధవారం

పొద్దున పాలు కాచాక బొబోరె ముందు పెట్టాను.

చూశాడు. తెరవలేదు. "ఎంత పెట్టావు?"

"పెట్టాను. నాణెం ఇవ్వు, తీసుకో."

జేబులు తడిమాడు. రెండు జేబులూ బయటికి లాగి చూపించాడు. "నా దగ్గర నాణెం లేదు పాస్కా."

"గూట్లో ఉన్నాయి. తెస్తాను."

"నా నాణెం లేదంటున్నాను," అని లేచి దొడ్డి వైపు వెళ్ళిపోయాడు. రొట్టె చేత్తో విరిచి జేబులో వేసుకున్నాడు.

సరే. మడత కాస్త వదులయ్యేదాకా నా దగ్గర ఉంచుతాను. కొత్త కత్తికి తిరగడం అలవాటు చెయ్యాలి. అందుకే.

ఏప్రిల్ 27

ముందుగుడ్డ జేబుకి లోపల తోలు ముక్క కుట్టాను. బట్ట చిరగకుండా.

మే 1, శనివారం

రొట్టె కాల్చడం. మల్లేనా వచ్చింది. పొంగిన రొట్టెని రెండుగా చీల్చే పని ఎప్పుడూ తనది. ఈసారి నేను నా కత్తితో చీల్చాను. పొగలోంచి చూసి "అమ్మో వదినా, ఇది రొట్టెకా, పొట్టేలుకా?" అంది.

"దేనికి వస్తే దానికి."

నవ్వింది. నవ్వితే దాని పళ్ళు ఇంకా పదహారేళ్ళ పిల్ల పళ్ళలాగే ఉంటాయి. దానికి తెలుసా? తెలిసి నా పిండి కలుపుతోందా? అడగలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఎప్పటిలాగే నాలుగు రొట్టెలు కట్టి ఇచ్చాను.

మే 8, శనివారం

జున్ను గది కడిగాను. ఊరివాళ్ళిచ్చిన గొర్రెల పాలతో మొదటి జున్నులు, రెండు గుండ్రాలు.

ఈ వారం కత్తితో: గోనెల మూతి తాళ్ళు, ద్రాక్ష తీగల కట్లు, పిల్లి గొంతులో చిక్కిన ఎముక, పొయ్యిలోకి మర్టిల్ పొద కొమ్మలు, కోడి. రెండుసార్లు నూరాను. ఒంటి చేత్తో జేబులోనే తెరవడం వచ్చేసింది. శబ్దం రాకుండా వేలు అడ్డం పెట్టాలి.

పంది డొక్క కోస్తూ పక్కటెముకల మధ్య ఎంత సందు ఉంటుందో చూశాను. ఊరికే చూశాను.

బొబోరె రొట్టె చేత్తోనే తింటున్నాడు.

మే 15

కోళ్ళు. తోట. కత్తి జేబులోనే.

మే 19, బుధవారం

బొబోరె పైన పడుకుని ఉన్నాడు, జ్వరం. బాచీజు వచ్చాడు. ఉన్ని కత్తిరింపు మాటలు మాట్లాడాలన్నాడు. జూన్ మొదటి శనివారం మా దొడ్డి దగ్గర కత్తిరింపు. గొర్రెలు ఇచ్చినవాళ్ళంతా వచ్చి సాయం చెయ్యాలి, మేం భోజనం పెట్టాలి.

"కత్తెరలు నేను తెస్తాలే చెల్లెమ్మా," అన్నాడు. "మీవి కూడా దొంగలు పట్టుకుపోయారటగా. చేతివాటం అంటే అదీ. రేపో మాపో నీ పెళ్ళి ఉంగరం కూడా..."

వెధవ నవ్వు నవ్వాడు. పొయ్యి ముందు పీట మీద నాకు వీపు పెట్టి కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. మెడ ఎర్రగా, కొత్తగా క్షవరం చేయించుకున్న మెడ. కాలర్‌కి పైన ఒక మడత. ఆ మడతనే చూశాను. జేబులో చెయ్యి పెట్టాను. కత్తి తెరుచుకుంది. వేలు అడ్డం పెట్టాను, శబ్దం రాలేదు. బయటికి తీశాను. నేను ఎక్కడ నిలబడి ఉన్నానో, తను ఎంత దూరంలో ఉన్నాడో నాకు బాగా తెలుసు. అది నాకే ఆశ్చర్యం.

పైనుంచి బొబోరె అడిగాడు. "ఎవరది పాస్కా?"

"నేను బావా! చావలేదా ఇంకా?" అని అరిచి బాచీజు ఇటు తిరిగాడు. నా చేతిలో కత్తి చూశాడు.

నేను బల్ల మీదున్న జున్నుని మధ్యకి కోశాను.

"అబ్బ!" అన్నాడు. లేచి వచ్చాడు. భయపడలేదు. వాడి కళ్ళు కత్తిని వదల్లేదు. "పట్టాదదా? ఆ పిడి చూడు, ఒకే ముక్క. ఇలాంటిది నా తాత దగ్గర ఉండేది. బావకా? బావకి ఇప్పుడు ఇది ఎందుకు చెల్లెమ్మా, చేతులు వణుకుతున్నాయిగా. అమ్ముతావా?"

"అమ్మను," అన్నాను.

ఇవ్వమన్నట్టు చెయ్యి చాచాడు. ఇచ్చాను. తిప్పి చూసి బరువు తూచి, మూసి తెరిచి, మళ్ళీ మూసి, ఇష్టం లేకుండా తిరిగి ఇచ్చాడు. పెళ్ళిలో పక్కింటి పిల్లని చూసే మగాడి మొహం.

మే 20

కత్తి ఎందుకు కొన్నానో నాకు ఇవాళ తెలిసింది. ఇక్కడ రాయను.

జూన్ 4, శుక్రవారం

రేపటికి: గొర్రెలు రెండు, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, రొట్టెలు ఒక బుట్ట నిండా, ద్రాక్షసారా పెద్ద జాడీ, తేనె పిండివంట. బల్లలు గుడి నుంచి తెప్పించాను. నీళ్ళు తోడాను. గిన్నెలు లెక్కపెట్టి పెట్టాను. కత్తి నూరాను. చివరిసారి.

జూన్ 6, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. వరసగా రాస్తాను.

పొద్దున మంచు విడిపోకముందే అందరూ వచ్చారు. గొర్రెల కాళ్ళు కట్టి, కత్తెరలు ఆడిస్తూ ఒకరినొకరు తిట్టుకుంటూ పని చేశారు. ఎవడో గొర్రె పొట్ట గీశాడని జువన్నె తాత ఎగతాళి. "నీ పెళ్ళాం వెంట్రుకలు కూడా నువ్వే కత్తిరిస్తావా ఏంట్రా? అందుకే గుడికి ముసుగేసుకుని వస్తోంది!" బాచీజు అందరికన్నా గట్టిగా నవ్వాడు. అందరికన్నా ఎక్కువ గొర్రెలు కత్తిరించాడు. పని చేతనైనవాడు, అది కాదనను.

మధ్యాహ్నం సింధూర చెట్టు కింద బల్లలు వేశాం. బొబోరెని కట్టేసింది ఆ చెట్టుకేనా అని ఎవరూ అడగలేదు. నేనే అక్కడ వెయ్యమన్నాను. అందరూ కూర్చుని జేబుల్లోంచి కత్తులు తీసి తెరిచారు. బల్లకి ఇటూ అటూ ఎండలో అలుగులన్నీ మెరిశాయి. బొబోరె ముందు ఏమీ లేదు. బాచీజు ఆయన పక్కనే కూర్చున్నాడు, తన కత్తి చాచడానికి సిద్ధంగా.

నేను మాంసం గిన్నె దించి, వాళ్ళ ఇద్దరి మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. ఆడవాళ్ళు వడ్డించేటప్పుడు మాట్లాడరు. నేను నోరు తెరవబోతున్నానని చూసి ఒక్కొక్కరే మాటలు ఆపారు.

"అన్నయ్యా," అన్నాను, "ఆరోజు మా ఆయనకి నీ కత్తి ఇచ్చావు. మంద పోయినప్పుడు అందరూ ఒకటిస్తే నువ్వు మూడిచ్చావు. నా దగ్గర ఇచ్చేది ఇదొక్కటే ఉంది."

ముందుగుడ్డ జేబులోంచి కత్తి తీసి మూసి ఉన్నది వాడి ముందు పెట్టాను.

బల్ల చుట్టూ ఒక ఊపిరి. ఎవరో ఈల వేశారు. బాచీజు మొహం పండగైంది. "చెల్లెమ్మా, నాకా? ఇదా?" అంటూనే తీసేసుకున్నాడు. తెరిచాడు. పక్కవాడికి చూపించాడు. ముంజేతి వెంట్రుకల మీద గీసి చూసుకున్నాడు. "చూశారా, ఇంటి ఆడది అంటే ఇలా ఉండాలి," అని నవ్వుతూ కోటు జేబులో వెతికి వంద లీరాల నాణెం తీశాడు. నా ముందు చాచాడు.

నేను చెయ్యి చాచలేదు.

"తీసుకో."

రెండు చేతులూ ముందుగుడ్డ కింద పెట్టుకున్నాను.

"తీసుకోవాలి చెల్లెమ్మా," అన్నాడు, ఇంకా నవ్వుతూనే. "పద్ధతి."

"పద్ధతి నాకూ తెలుసు."

నాణెం నా ముందుగుడ్డకి తగిలించాడు. అది జారి రొట్టెల మధ్య పడింది. ఎవరూ దాన్ని తీయలేదు. నవ్వు వాడి మొహంలోంచి పోలేదు గాని, మొహం దాన్ని వదిలేసింది.

జువన్నె తాత కర్ర ఆనించుకుని లేచాడు. ఊళ్ళో తగువులు తీర్చేది ఆయనే. "పాస్కా, జ్ఞానతండ్రికి కత్తి ఇచ్చి నాణెం పుచ్చుకోకపోతే ఏమవుతుందో తెలిసే చేస్తున్నావా?"

"తెలిసే."

"అయితే కారణం చెప్పాలి."

"నేను చెప్పను తాతా. ఆడదాని నోటి మాటెందుకు? అదిగో అక్కడ కట్టేసిన నల్లమూతిది ఉంది. ఇప్పుడే ఉన్ని తీశారు, చెవి బాగా కనిపిస్తుంది. వాళ్ళు ఇచ్చిన మిగతా రెండూ పక్కనే ఉన్నాయి. మూడింటి ఎడమ చెవులూ వేళ్ళతో తడిమి చూడు."

తాత వెళ్ళాడు. వంగి ఒక్కోదాన్నీ తడిమాడు. నల్లమూతిదాని దగ్గర ఎక్కువసేపు ఉన్నాడు. ఇంకో ఇద్దరు కాపరులు వెళ్ళి చూశారు. వాళ్ళ చేతులకి వేరే సాక్ష్యం అక్కర్లేదు. మూడేళ్ళ నాటి కోతా, మొన్నటి కోతా ఒకేలా ఉండవు.

తాత తిరిగొచ్చి కూర్చున్నాడు. తన కత్తి తీసుకుని తుడిచి మూశాడు. టక్.

పక్కవాడు మూశాడు. వాడి పక్కవాడు. బల్లకి అటూ ఇటూ ఆ శబ్దం నడుచుకుంటూ వెళ్ళింది. కత్తి మూసేశాక ఎవరూ తినరు. వాడు కూర్చున్న బల్ల దగ్గర మేం తినం అని చెప్పడం అది. ఇంకెప్పుడూ తినం అని. చలికాలం మేపులో వాడి మందతో మంద కలపం అని, వాడి పిల్లల పెళ్ళిళ్ళకి రాం అని.

చివరికి బల్ల మీద ఒకే ఒక్క కత్తి తెరిచి ఉంది. నేను ఇచ్చినది, వాడి చేతిలో.

"బావా," అన్నాడు బొబోరె వైపు తిరిగి. గొంతు కీచుగా వచ్చింది. "నువ్వైనా చెప్పు. గోనెలోంచి నువ్వేం చూశావు? ఎవర్ని చూశావు? చెప్పు వీళ్ళకి!"

బొబోరె పళ్ళెంలోకి చూస్తూ ఉన్నాడు.

బాచీజు లేచాడు. తెరిచిన కత్తి అలాగే చేత్తో పట్టుకుని లోయ దారిన దిగి వెళ్ళిపోయాడు. మల్లేనా ఆడవాళ్ళ వైపు నుంచి వచ్చి చేతిలో ఉన్న రొట్టె బల్ల మీద పెట్టి, నా వైపు చూడకుండా వాడి వెనకే వెళ్ళింది.

నాకు ఎలా ఉందో రాయాలా? ఎండలో నిలబడి చల్లటి నీళ్ళు తాగినట్టు ఉంది. అంతే ఉంది.

జూన్ 7, సోమవారం

గిన్నెలు తోమాను. బల్లలు గుడికి పంపాను. చాలా మాంసం మిగిలింది, ఉప్పు వేశాను.

బొబోరె పొద్దున పాలు తాగుతూ అన్నాడు: "వాడి దగ్గు నాకు తెలుసు. ఇరవై ఏళ్ళు ఒకే దొడ్డిలో పడుకున్నాం. గోనెలోంచి దగ్గు వినపడింది."

నేను గిన్నె కింద పెట్టాను. "మరి నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నేను వెళ్ళాలి కదా. చంపి రావాలి, లేదా చచ్చి రావాలి. నేను ఇంట్లో ఉందామనుకున్నాను పాస్కా. చేత్తో రొట్టె విరుచుకుని ఇంట్లో ఉందామనుకున్నాను." పాలగ్లాసు కింద పెట్టాడు. "నువ్వు తెరిచావు. ఇప్పుడు మూయాల్సింది నేను."

"ఊరంతా మూసింది. చాలదా?"

"ఊరు కత్తి మూసుకుని ఇంటికి పోయింది. వాడి చేతిలో మాత్రం ఒకటి తెరిచి ఉంది. అది ఎవరు కొనిచ్చారు?"

జూన్ 9, బుధవారం

తలుపుకి అడ్డ గడియ వేస్తున్నాను. పగలు కూడా.

నేనే కొనిచ్చాను. వంగని వీపు, పొడుచుకునే కొస, బిగువు వదలని మడత. ఏరి ఏరి మంచిదే కొన్నాను.

జూన్ 10, గురువారం

బొబోరె పొద్దున బస్సు ఎక్కాడు. మంద పోయాక మొదటిసారి ఒక్కడే ఊరు దాటాడు. ఎక్కడికని అడిగితే, "పట్టాద," అన్నాడు.

సాయంత్రం వచ్చాడు. బల్ల మీద పెట్టాడు. పెద్దది, గుండ్రటి కొసది. తోలు వలిచేది. లరెంతు చూపించిన మొదటిది లాంటిదే, కాస్త పెద్దదేమో. పిడి ఆయన గుప్పిట్లో కుడివైపూ ఎడమవైపూ ఖాళీ లేకుండా నిండింది. ఎవరూ దారంతో కొలవలేదు. దాన్ని ప్యాంటు జేబులో వేసుకుని పడుకున్నాడు.

ఎందుకు కొన్నావని అడగలేను. నన్ను ఆయన అడగలేదు కదా.

జూన్ 12, శనివారం

రొట్టె కాల్చడం, ఒక్కదాన్నే. చీల్చేదాన్ని నేను, పొయ్యిలో వేసేదాన్ని నేను. సగం మాడాయి. పిండి పులిసిపోయింది. మల్లేనా కిటికీ మూసి ఉంది. నాకేం బాధ లేదు. జున్ను గది కడిగాను.

వార్త: బాచీజుతో శీతకాలం మైదానాలకి పోయే ముగ్గురూ వేరే మేపు కుదుర్చుకున్నారు. ఒక్కడే అంత మందని దింపలేడు. అమ్మాలి. వ్యాపారి వచ్చి చూసి వెళ్ళాడని చెప్పుకుంటున్నారు. సంతోషం. రెండుసార్లు రాస్తున్నాను. సంతోషం.

జూన్ 13, ఆదివారం

కోళ్ళు. గుడి. పప్పు నానబోశాను. కంబళ్ళు పెట్టెలో పెట్టాను. బొబోరె చొక్కా ఇస్త్రీ చేశాను, తెల్లది, ఆయనే అడిగాడు.

భోజనం అయ్యాక దొడ్డి నుంచి రెండు గొర్రెల్ని తాడుతో కట్టి తెచ్చాడు. బాచీజువి, చెవి అంచు మీద వెంట్రుకలు ఉన్నవి. "వాటి ఇంటికి తోలుకెళ్తున్నాను," అన్నాడు.

"నేనూ వస్తాను."

"నీ వంతు అయిపోయిందిగా."

"బొబోరె, ఆ కత్తి ఇంట్లో పెట్టి వెళ్ళు."

"కత్తి లేకుండా ఎలా వెళ్ళను?" అని నవ్వాడు. నవ్వడం చూసి ఇంకా భయం వేసింది. వీధి చివర బాచీజు ఇల్లు. ఆయన తెల్ల చొక్కా, రెండు గొర్రెల వీపులు, తర్వాత మలుపు. నేను గుమ్మంలో నిలబడ్డాను. కేక వినపడుతుందేమోనని నిలబడ్డాను. మేరీ మాతకి ఏమేమి మొక్కానో రాయను. ఇన్నాళ్ళూ అడిగినదానికి సరిగ్గా వ్యతిరేకం అడిగాను.

వచ్చాడు. మామూలుగా నడుస్తూ వచ్చాడు. గుమ్మం దగ్గర కత్తి నా చేతిలో పెట్టాడు, చూసుకోమని. తెరిచాను. అలుగు మీద జనుపనార పీచు ఒకటి అంటుకుని ఉంది. ఇంకేమీ లేదు.

"బయటికి వచ్చాడు," అన్నాడు. "నువ్విచ్చిన కత్తి చేతిలో ఉంది. మల్లేనా వెనక నుంచి వాడి చొక్కా పట్టుకుంది. నేను నా కత్తి తీశాను. వాడు చూస్తుండగా తెరిచాను. తాడు కోసి గొర్రెల్ని వదిలాను. ఇవి నీవి, మూడోది నాది అన్నాను. మూసి జేబులో వేసుకున్నాను. వాడు దగ్గాడు."

లోపలికి వచ్చి కూర్చున్నాడు. నా చేతిలోంచి కత్తి తీసుకుని మాడిన రొట్టె, ఉప్పు మాంసం కోసి, ఒక ముక్క నా వైపు నెట్టాడు.

బాచీజు దగ్గర పుచ్చుకున్న గొర్రెలు మూడు. తిరిగి ఇచ్చినవి రెండు. మూడోది మాదే. చెల్లు.